డాబా మీద ఎండ: నీళ్లకు కావాలి, ఇంటికి వద్దు

మే నెలలో మధ్యాహ్నం మూడింటికి విజయవాడలో ఏ డాబా ఇంట్లోనైనా కుళాయి తిప్పి చూడండి, నీళ్ల కింద చెయ్యి పెట్టలేం. పైన నల్ల ప్లాస్టిక్ ట్యాంకు పొద్దుటి నుంచీ ఎండలో కాగి, ఎవరూ అడక్కుండానే నీళ్లు మరిగించి పెడుతుంది. అదే ఇంట్లో ధనుర్మాసం తెల్లవారుజామున గీజరు స్విచ్ వేసి, ఎర్ర లైటు ఆరేదాకా తువ్వాలు భుజాన వేసుకుని నిలబడాలి. ఇంత ఎండ కాసే ఊళ్లో నీళ్లు కాచుకోవడానికి ఒక బిల్లు, అదే ఎండకు ఉడికిపోయే గదిని చల్లబరచడానికి ఇంకో బిల్లు కడుతున్నాం. రెండింటికీ మూలం ఒకటే. డాబా మీద పడే వేడిని ఎక్కడ పట్టుకోవాలి, ఎక్కడ అడ్డుకోవాలి అన్నది ఇల్లు కట్టేటప్పుడు ఎవరూ ఆలోచించడం లేదు.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. సోలార్ ప్యానెళ్లు కరెంటు తీస్తాయి. సోలార్ వాటర్ హీటరు కరెంటు తీయదు, ఎండలోని వేడిని నేరుగా నీళ్లకు ఎక్కిస్తుంది. రెండూ ఒకే షాపులో అమ్ముతారు కాబట్టి చాలామంది కలిపేసుకుంటారు. ప్యానెల్ మీద పడిన ఎండలో సుమారు ఐదో వంతే కరెంటుగా మారుతుంది. నీళ్ల హీటరు మాత్రం సగం దాకా వేడిగా పట్టుకుంటుంది. వేడిని వేడిగానే వాడుకుంటే పెద్దగా నష్టం లేదు. దాన్ని కరెంటుగా మార్చాలనుకున్నప్పుడే చాలా భాగం చేజారిపోతుంది.

ఈ చేజారడం ఎంతో తెలియాలంటే ఇబ్రహీంపట్నం వైపు చూస్తే చాలు. అక్కడి నార్ల తాతారావు థర్మల్ కేంద్రానికి సింగరేణి నుంచి, ఒడిశాలోని తాల్చేరు నుంచి బొగ్గు వస్తుంది. దాన్ని మండించి, నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరితో టర్బైన్ తిప్పి కరెంటు తీస్తారు. బొగ్గులో ఉన్న వేడిలో దాదాపు మూడో వంతే కరెంటు అవుతుంది. మిగతాది పొగగొట్టం నుంచి, చల్లబరిచే నీళ్ల నుంచి బయటికి పోతుంది. ఆ మూడో వంతు తీగల మీదుగా మన బాత్‌రూమ్‌కి వచ్చి గీజరులో మళ్లీ వేడిగా మారుతుంది. వెయ్యి డిగ్రీలు దాటే మంట పెట్టి, ఇన్ని చేతులు మార్చి, చివరికి మనం చేసుకునేది 40 డిగ్రీల స్నానం. ఆ 40 డిగ్రీలు మన నెత్తిన ఉన్న స్లాబు మీద ఊరికే పడి ఉంటున్నాయి. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

లెక్కలు తేలికే. 860 అన్న అంకె ఒక్కటి గుర్తుంటే చాలు. ఒక యూనిట్ కరెంటు 860 లీటర్ల నీళ్లను ఒక డిగ్రీ వేడి చేస్తుంది. మీకు కావలసిన లీటర్లను, పెరగాల్సిన డిగ్రీలతో గుణించి, 860తో భాగిస్తే యూనిట్లు వచ్చేస్తాయి. 100 లీటర్ల నీళ్లను 25 నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే 3500ని 860తో భాగించాలి, నాలుగు యూనిట్ల పైచిలుకు. మన ప్రాంతంలో ఏడాది సగటున ఒక చదరపు మీటరు మీద రోజుకు సుమారు ఐదు యూనిట్ల ఎండ పడుతుంది. అంటే రెండు చదరపు మీటర్ల మీద పది యూనిట్లు. అందులో సగం పట్టుకున్నా 100 లీటర్లు కాగినట్టే. నలుగురుండే ఇంటికి 100 లీటర్ల హీటరు, దానికి రెండు చదరపు మీటర్ల అద్దం అని కంపెనీలు చెప్పే కొలత ఇలా వచ్చిందే. అందులో మాయేమీ లేదు.

ఇక ఆ యంత్రం లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఎండలో పెట్టిన నల్ల రేకు వేడెక్కుతుంది, కానీ వేడెక్కిన కొద్దీ ఆ వేడిని చుట్టూ ఉన్న గాలికి, ఆకాశానికి వదిలేస్తూ ఉంటుంది. నల్ల ట్యాంకు జనవరిలో పనికిరాకపోవడానికి కారణం ఇదే. పగలు గోరువెచ్చగా అయినా రాత్రికి ఉన్నదంతా పోగొట్టుకుంటుంది. కాబట్టి హీటరు రెండు పనులు చేయాలి. వచ్చే వెలుగును మింగాలి, పోయే వేడిని ఆపాలి. 1950లలో ఇజ్రాయెల్‌లో హ్యారీ టాబర్ అనే శాస్త్రవేత్త ఈ రెండో పనికి మంచి దారి చూపాడు. వెలుగును బాగా పీల్చుకుని, వేడిని మాత్రం చాలా తక్కువగా వదిలే నల్ల పూతలు అప్పటి నుంచి వచ్చాయి. ఈనాటి సోలార్ హీటర్లలో ఎక్కువగా ఉన్నది ఆ కోవకు చెందిన పూతే. అదే ఇజ్రాయెల్ 1980లో కొత్త ఇళ్లకు సోలార్ హీటరు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది.

ఇప్పుడు మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేవి గాజు గొట్టాల హీటర్లు. ఒక గొట్టంలో ఇంకో గొట్టం ఉంటుంది, రెంటి మధ్య గాలి పూర్తిగా తీసేస్తారు. నల్ల పూత లోపలి గొట్టం మీద ఉంటుంది. టీ పోసుకునే ఫ్లాస్కు ఎలా పనిచేస్తుందో ఇదీ అచ్చం అంతే, కాకపోతే దీన్ని వెలుగు లోపలికి వెళ్లేలా చేశారు. లోపల నీళ్లు కాగుతున్నా బయటి గాజు ముట్టుకుంటే పెద్దగా వేడి తెలియదు. గొట్టం కింది కొసన, గాజు లోపలి వైపు వెండి రంగులో అద్దంలా మెరిసే మచ్చ ఉంటుంది. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. అది బేరియం పూత. గొట్టంలోకి ఏ కాస్త గాలి చేరినా దాన్ని పీల్చుకోవడం దాని పని. గాజుకు పగులు వచ్చి గాలి చొరబడితే ఆ వెండి మచ్చ సున్నంలా తెల్లబడిపోతుంది. మీ హీటరు ఈమధ్య సరిగ్గా కాగడం లేదనిపిస్తే మెకానిక్‌ని పిలిచే ముందు వంగి ఆ కొసలు ఒకసారి చూడండి. తెల్లబడిన గొట్టం పని అయిపోయినట్టే. మొత్తం హీటరు మార్చక్కర్లేదు, ఆ ఒక్క గొట్టం మారిస్తే సరిపోతుంది.

రెండో రకం పలక హీటరు. రాగి రేకు, దానికి అతికించిన రాగి గొట్టాలు, పైన గట్టి గాజు, కింద వేడి పోకుండా దూది లాంటి పొర, చుట్టూ అల్యూమినియం పెట్టె. ధర ఎక్కువ, బరువూ ఎక్కువే, కానీ క్రికెట్ బంతికి అంత సులువుగా లొంగదు. గాజు గొట్టాల హీటరులో ఒక్క గొట్టం పగిలితే ట్యాంకులో ఉన్న నీళ్లన్నీ డాబా పాలవుతాయి. ఐ.ఎస్. 12933 పలక హీటర్లకు, ఐ.ఎస్. 16544 గాజు గొట్టాల హీటర్లకు భారతీయ ప్రమాణాలు. కొనేటప్పుడు ఆ అంకె పెట్టె మీద ఉందో లేదో చూసుకోండి.

ఏ రకం కొనాలన్నది ధర కంటే ముందు నీళ్లు తేల్చాలి. మన దగ్గర ఇదే అసలు విషయం, సేల్స్‌మన్లు దాటేసే విషయం కూడా ఇదే. విజయవాడలో కార్పొరేషన్ కుళాయికి కృష్ణ నీళ్లు వస్తాయి. గుంటూరుకు తక్కెళ్లపాడులో శుద్ధి చేసిన కృష్ణ నీళ్లే. కానీ ఊరి చివరి కాలనీల్లో, అపార్ట్‌మెంట్లలో చాలా చోట్ల ఓవర్‌హెడ్ ట్యాంకులోకి ఎక్కేది బోరు నీళ్లు. ఆ నీళ్లలో కరిగి ఉన్న సున్నం చల్లగా ఉన్నంతసేపు కరిగే ఉంటుంది. వేడి తగలగానే తెల్లటి పెచ్చుగా విడిపోయి గోడలకు పట్టుకుంటుంది. చక్కెర వేడి నీళ్లలో బాగా కరుగుతుంది, ఈ సున్నం మాత్రం ఎదురు నడుస్తుంది. బకెట్ అంచున తెల్లటి చార, షవరు కన్నాలు మూసుకుపోవడం, గీజరు కాయిల్ మీద రాయిలా గట్టిపడిన పొర కనిపిస్తే మీ నీళ్ల సంగతి తెలిసినట్టే.

పలక హీటరులో రాగి గొట్టాలు సన్నగా ఉంటాయి. పెచ్చు పేరుకుంటే కొన్నేళ్లకు నీళ్లు పైకి నడవడమే ఆగిపోతుంది. బోరు నీళ్లయితే నీళ్లు నేరుగా పలకలోకి వెళ్లకుండా, వేరే శుభ్రమైన నీళ్లు అందులో తిరిగి ట్యాంకులోని నీళ్లకు వేడి అందించే రకం తీసుకోవాలి. గాజు గొట్టాలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి అంత త్వరగా మూసుకోవు, సున్నం అడుగున చేరుతుంది. ఏడాదికో, రెండేళ్లకో గొట్టాలు తీసి కడిగించుకోవాలి. నీళ్లు ఉప్పగా ఉన్న చోట ట్యాంకు గురించి కూడా అడగాలి. స్టీలు అని చెప్పగానే ఊరట పడనక్కర్లేదు, ఉప్పు నీళ్లకు మామూలు స్టీలులో కూడా సూది మొనంత చిల్లులు పడతాయి. అలాంటి చోట లోపల ఎనామిల్ పూత ఉన్న ట్యాంకు నయం. ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఒకటి వేలాడుతూ ఉంటుంది. తాను అరిగిపోతూ ట్యాంకును కాపాడటం దాని పని. అది పూర్తిగా అరిగిపోయాక కొత్తది వేయించకపోతే, ఆ తర్వాత అరిగేది ట్యాంకే.

ఇక బిగించడం. ఇళ్లలో పెట్టే హీటర్లలో మోటారు ఉండదు. కాగిన నీళ్లు తేలికై పైకి ఎక్కుతాయి, చల్లటి నీళ్లు బరువై కిందికి దిగుతాయి, ఆ తిరుగుడే పంపు పని చేస్తుంది. అందుకే వేడినీళ్ల ట్యాంకు ఎప్పుడూ గొట్టాల కంటే పైన ఉంటుంది. దానికి నీళ్లు రావాలంటే ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగు భాగం ఇంకా పైన ఉండాలి. డాబా మీద ట్యాంకును నేల మీదే దించేసిన ఇళ్లలో ఇక్కడే చిక్కు వస్తుంది. దిమ్మె కట్టి ట్యాంకును ఎత్తాలి, లేదా చిన్న ప్రెషర్ పంపు పెట్టాలి.

వాస్తు ప్రకారం ఓవర్‌హెడ్ ట్యాంకును నైరుతిలో పెడతారు. హీటరును దాని పక్కన ఈశాన్యం వైపు బిగిస్తే మధ్యాహ్నం రెండు దాటాక ట్యాంకు నీడ గొట్టాల మీదికి వస్తుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు కాబట్టి నీడ ఇంకా పొడుగు. హీటరు ట్యాంకుకు దక్షిణం పక్కన ఉండేలా, ముఖం దక్షిణానికి తిరిగేలా చూసుకోవాలి. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివరి వారంలో మధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో 50 డిగ్రీల ఎత్తుకే ఎక్కుతాడు. అందుకని గొట్టాలను 30 డిగ్రీలు, ఇంకాస్త ఎక్కువైనా సరే, వాలుగా నిలబెడితే సంక్రాంతి రోజుల్లో ఎండ సూటిగా తగులుతుంది. వేసవిలో కాస్త తగ్గుతుంది, తగ్గినా నష్టం లేదు, అప్పుడు వేడినీళ్లు అడిగేవాళ్లే తక్కువ.

పైపుల దగ్గర డబ్బు మిగుల్చుకోవాలని చూడొద్దు. మార్చి దాటాక ట్యాంకులో నీళ్లు 80 డిగ్రీలు దాటగలవు. మామూలు తెల్ల పీవీసీ ఆ వేడికి మెత్తబడి వంగిపోతుంది, అతుకులు ఊడిపోతాయి. వేడినీళ్ల లైనుకు సీపీవీసీ కానీ, అంతకంటే గట్టిది కానీ వాడాలి. డాబా మీద ఉన్న ముక్కకు నల్ల ఫోమ్ తొడుగు, దాని మీద ఎండకు చిట్లిపోకుండా అల్యూమినియం టేపు తప్పకుండా వేయించాలి. ట్యాంకు మీద గాలి పైపును మాత్రం ఎవరు చెప్పినా మూయకండి, ఆవిరి బయటికి పోయే దారి అదొక్కటే. ఇంట్లో చిన్నపిల్లలుంటే బాత్‌రూమ్‌లో చల్లనీళ్లు కలిపి దించే మిక్సర్ తప్పనిసరి. మే నెలలో సోలార్ కుళాయి నేరుగా తిప్పితే ఒళ్లు కాలుతుంది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఊరెళ్లి వచ్చేసరికి ట్యాంకు ఖాళీ అయి, ఎండలో గొట్టాలు ఎండిపోయి ఉంటే, మధ్యాహ్నం వేళ మోటారు వేయొద్దు. కాలుతున్న గాజు మీద చల్లనీళ్లు పడితే పగిలిపోతుంది. సూర్యాస్తమయం అయ్యాక నింపండి.

గాలివానల సంగతి కూడా చెప్పాలి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మనకు అది దూరమేమీ కాదు. హీటరు స్టాండు కాళ్లను స్లాబుకు బోల్టులతో బిగించాలి. నీళ్ల బరువు మీద నమ్మకం పెట్టుకుని ఊరికే నిలబెట్టి వెళ్లిపోయే ఫిట్టర్లు ఉన్నారు. బోల్టు వేసిన చోట స్లాబులోకి నీరు దిగకుండా సీలు చేయించుకోవడం మరిచిపోవద్దు.

ఇంతకీ ఇది గిట్టుబాటు అవుతుందా? ఇక్కడ నిజం నిజంలా చెప్పాలి. విజయవాడ, గుంటూరుల్లో మామూలు కుటుంబానికి వేడినీళ్లు కావాల్సింది కార్తీకం నుంచి శివరాత్రి దాకా, దాదాపు నాలుగు నెలలు. నలుగురు తలా ఒక బకెట్, మొత్తం 80 లీటర్లు, 22 నుంచి 40 డిగ్రీలకు. మన 860 లెక్కతో చూస్తే రోజుకు ఒకటిన్నర కంటే ఎక్కువ, గీజరు నష్టాలు కలుపుకుంటే రెండు యూనిట్లు. నాలుగు నెలలకు 240 యూనిట్లు. ఇప్పటి కరెంటు చార్జీల శ్లాబుల్లో నెలకు 225 యూనిట్లు దాటాక యూనిట్ 8 రూపాయల 75 పైసలు. అంటే ఏడాదికి రెండు వేల రూపాయల పైచిలుకు ఆదా. ఇరవై వేలు పెట్టి హీటరు కొంటే ఆ డబ్బు తిరిగి రావడానికి పదేళ్ల దగ్గర పడుతుంది. బెంగళూరులో చలి ఎక్కువ, వేడినీళ్లు ఏడాది పొడుగునా వాడతారు. కర్ణాటక 2007లోనే ఇళ్లకు సోలార్ హీటరు తప్పనిసరి చేయడం వెనుక ఆ వాతావరణం ఉంది. అక్కడి లెక్క ఇక్కడ పెట్టి "మూడేళ్లలో డబ్బు వచ్చేస్తుంది" అని చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

కానీ అన్ని ఇళ్లూ ఒకేలా ఉండవు. ఇంట్లో బాలింత, పసిబిడ్డ ఉంటే ఎంత ఎండాకాలమైనా రోజూ రెండు పూటలా వేడినీళ్లు కాగాల్సిందే. మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లు మేలో కూడా చన్నీళ్లు ముట్టుకోరు. అలాంటి ఇంటికి నాలుగు నెలల లెక్క కాస్తా పన్నెండు నెలలవుతుంది, హీటరు మూడు నాలుగేళ్లలో తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది.

నిజంగా ఈ యంత్రం కోసమే పుట్టినట్టు ఉండే చోట్లు హాస్టళ్లు, ఆసుపత్రులు, హోటళ్లు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంటర్ కాలేజీల హాస్టళ్లు ఎన్నో లెక్కే లేదు. వందల మంది పిల్లలు తెల్లవారకముందే లేచి ఒకేసారి స్నానాలకు వెళతారు. ఆ హాస్టలు వంటగదిలో అన్నానికి, సాంబారుకు, గిన్నెలు కడగడానికి రోజూ వేడినీళ్లు కావాలి, వేసవి అయినా సరే. 1000 లీటర్ల నీళ్లను 28 నుంచి 60 డిగ్రీలకు గ్యాస్ పొయ్యి మీద కాచాలంటే దాదాపు ఐదు కిలోల గ్యాస్ ఖర్చవుతుంది. అంటే 19 కిలోల సిలిండరు నాలుగు రోజులకు ఒకటి. ఆ 60 డిగ్రీల నీళ్లు డాబా మీద నుంచి వంటగదికి దిగితే, పొయ్యి మిగతా 40 డిగ్రీలు చూసుకుంటే చాలు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. తిరుమలలో 2002లోనే 106 అద్దాల డిష్‌లతో ఎండ నుంచి ఆవిరి తీసి భక్తుల అన్నప్రసాదం వండే ఏర్పాటు చేశారు. కొండ మీద అంత పెద్ద ఎత్తున చేయగలిగినప్పుడు, ఊళ్లో హాస్టలు డాబా మీద నాలుగు హీటర్లు పెట్టడం అంత కష్టమైన పని కాదు. పిల్లల తల్లిదండ్రులు ఫీజుల గురించి అడిగినట్టే దీని గురించీ యాజమాన్యాలను అడగాలని నా కోరిక.

అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు ఉంది. ఐదో అంతస్తు పైన హీటరు, కింద ఫస్ట్ ఫ్లోర్‌లో కుళాయి. మధ్య పైపులో నిలిచిన నీళ్లు రాత్రికి చల్లారిపోతాయి. ముప్పావు అంగుళం పైపు ఇరవై మీటర్లు ఉంటే అందులో సుమారు ఆరు లీటర్లు నిలుస్తాయి. పొద్దున కుళాయి తిప్పినవాళ్లు ఆ ఆరు లీటర్లు వదిలేశాకే వేడినీళ్లు చూస్తారు. వదలకుండా బకెట్‌లో పట్టుకుని వాడుకోవచ్చు, కానీ విసుగొచ్చి మళ్లీ గీజరుకే పోతారు. పై రెండు అంతస్తుల వాళ్లకే సోలార్ లాభం, కింది వాళ్లకు కాదు అన్న గొడవ అసోసియేషన్ మీటింగుల్లో వచ్చేది ఇందుకే. కట్టేటప్పుడే నీళ్లు తిరిగి పైకి చేరేలా చిన్న పంపుతో రింగు లైను వేస్తే ఈ గొడవ ఉండదు. కట్టేశాక గోడలు పగలగొట్టి వేయడం దాదాపు అసాధ్యం.

ప్యానెళ్లా, హీటరా అన్న ప్రశ్నకు కూడా ఈమధ్య జవాబు మారింది. నీళ్ల హీటర్లకు కేంద్రం ఇచ్చే సబ్సిడీ 2014లో ఆగిపోయింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటి ప్యానెళ్లకు మాత్రం కిలోవాట్‌కు 30 వేల చొప్పున రెండు కిలోవాట్ల దాకా, మూడు కిలోవాట్లు, అంతకు పైబడితే మొత్తం 78 వేల రూపాయల దాకా ఇస్తున్నారు. ప్యానెళ్ల కరెంటు ఏడాదంతా ఫ్యానుకు, ఫ్రిజ్‌కు, ఏసీకి కూడా పనికొస్తుంది. నాలుగు నెలలే వేడినీళ్లు వాడే ఇంటికి, డాబా మీద చోటు తక్కువగా ఉంటే, నేనైతే ముందు ప్యానెళ్లే పెట్టించుకోమంటాను. పైగా హీట్ పంపు అనే యంత్రం వచ్చింది. ఏసీని తిరగేసినట్టుగా, బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లలోకి పంపుతుంది. ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. రెండు చదరపు మీటర్ల ప్యానెల్ రోజుకు రెండు యూనిట్లకు కాస్త తక్కువ ఇచ్చినా, హీట్ పంపు దాన్ని ఐదారు యూనిట్ల వేడి చేస్తుంది, అంటే అదే చోటులో సోలార్ హీటరుకు సమానం. ధర ఇప్పటికి ఎక్కువే. హోటళ్లు, ఆసుపత్రులు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నీళ్ల కథ ఇది. ఇంటిని ఎండతో వేడి చేసుకోవడం గురించి చదివితే మనకు నవ్వొస్తుంది, రెంటచింతల పక్కన ఉన్న మనకు ఆ అవసరం ఏముంటుందని. కానీ లడఖ్‌లో ఇది ప్రాణావసరం. లేహ్ దగ్గర ఫే గ్రామంలో సెక్మాల్ విద్యాసంస్థ భవనాలు శీతాకాలంలో కూడా కట్టెలు, బొగ్గు కాల్చకుండా ఎండతోనే వెచ్చగా ఉంటాయి. సోనమ్ వాంగ్‌చుక్ పేరుతో దేశమంతా తెలిసిన చోటు అది. పద్ధతి ఇలా ఉంటుంది. దక్షిణం వైపు పెద్ద గాజు, దాని వెనక మందపాటి మట్టి గోడ. పగలు గోడ ఎండను పీల్చుకుంటుంది, రాత్రి మెల్లగా గదిలోకి వదులుతుంది. మిగతా మూడు వైపులా వేడి పోకుండా మందమైన పొరలు. 1960లలో ఫ్రాన్స్‌లో ఫెలిక్స్ ట్రోంబ్ అనే ఇంజనీరు ప్రచారంలోకి తెచ్చిన గోడ కూడా ఇదే సూత్రం మీద నిలబడింది.

ఇప్పుడు మన ఇంటిని చూడండి. మనకు తెలియకుండానే అదే యంత్రాన్ని పైకప్పు మీద కట్టుకున్నాం. ఐదంగుళాల కాంక్రీటు స్లాబు, వెయ్యి చదరపు అడుగులు. దాని బరువు సుమారు 28 టన్నులు. మేలో పగలు అది సగటున 15 డిగ్రీలు వేడెక్కిందనుకుంటే, అందులో దాగిన వేడి సుమారు 100 యూనిట్లు. రెండు కిలోవాట్ల గీజరును రెండు రోజులకు పైగా ఆపకుండా నడిపినంత వేడి. ఆ వేడి కొన్ని గంటల ఆలస్యంగా, సరిగ్గా మనం పడుకునే వేళకు కిందికి దిగడం మొదలుపెడుతుంది. రాత్రి పదింటికి బయట గాలి చల్లబడినా, ఫ్యాను వేడిగాలి కొడుతోందంటే ఫ్యాను తప్పేమీ లేదు, పైన స్లాబు ఇంకా కాగుతోంది. లడఖ్ వాళ్లు కోరి చేసుకునేది మనకు కోరకుండానే జరుగుతోంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ అంటారు. ఆ ఎండ కింద పడుకునే గదికి కాంక్రీటు మూత పెట్టుకున్నాం.

పెంకుటిళ్లలో ఇంత బాధ లేదు. పెంకు పల్చగా ఉంటుంది, వేడిని దాచుకోదు, పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది, కింద అటక ఉంటే ఆ గాలి పొర ఇంకో అడ్డు. పెంకుటింటికి వెనక్కి పోలేం కానీ ఆ సూత్రాన్ని తెచ్చుకోవచ్చు. మొదటిది, చవకైనది తెల్లరంగు. పాతబడిన సిమెంటు డాబా తన మీద పడిన ఎండలో మూడో వంతు కూడా వెనక్కి పంపదు. కొత్తగా వేసిన తెల్ల పూత 70, 80 శాతం దాకా పంపేస్తుంది. కూల్ రూఫ్ పెయింటు కొనలేకపోతే సున్నం కొట్టినా మంచి ఫలితమే, కాకపోతే వానలకు కరిగిపోతుంది కాబట్టి ఏటా ఉగాది దగ్గర మళ్లీ కొట్టించాలి. దుమ్ము పట్టకుండా అప్పుడప్పుడు కడగాలి. పక్క రాష్ట్రం తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి కొన్ని రకాల భవనాలకు దీన్ని తప్పనిసరి చేసింది. మనకంటే ఎండ తక్కువున్న హైదరాబాద్ ఆ పని చేస్తే మనం ఇంకా ముందుండాల్సింది.

సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లడం చాలా ఇళ్లలో అలవాటు. పనిచేస్తుంది, కానీ వేడి ఎక్కాక దించుకోవడం కంటే ఎక్కకుండా చూసుకోవడం మేలు, నీళ్లూ మిగులుతాయి. సోలార్ ప్యానెళ్లు పెట్టించుకుంటే వాటి నీడ కూడా స్లాబుకు ఉపకారమే. ప్యానెల్‌కు, స్లాబుకు మధ్య గాలి ఆడేలా ఒక అడుగైనా ఖాళీ ఉంచమని చెప్పండి.

కిటికీల విషయంలో మనకో భయం ఉంది, దక్షిణం ముఖం అంటే జంకుతాం. ఎండ లెక్క ప్రకారం చూస్తే శత్రువు దక్షిణం కాదు, పడమర. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు విజయవాడకు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పటి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. ఎండాకాలం చివర్లో దక్షిణపు కిటికీలోకి నేరుగా ఎండే పడదు, అంతకుముందు రెండు నెలలకు అడుగున్నర సజ్జా చాలు. పడమటి గోడకు మాత్రం ఏ సజ్జా పనికిరాదు, నాలుగింటి ఎండ అడ్డంగా వచ్చి గోడనంతా కాల్చేస్తుంది. ఆ వైపు పడకగది పెట్టకుండా మెట్లు, బాత్‌రూమ్, స్టోర్‌రూమ్ పెడితే గోడకు, మనకు మధ్య ఒక గది అడ్డు ఉంటుంది. చోటుంటే వేపచెట్టు. లేకపోతే గోడకు బయట వెదురు తడికో, పచ్చ షేడ్ నెట్టో కట్టాలి. లోపల కర్టెన్ వేస్తే సరిపోదు. కర్టెన్ దాకా వచ్చిన ఎండ అప్పటికే ఇంట్లో ఉన్నట్టే, గాజు దాటాక ఆ వేడి బయటికి పోదు. నీళ్ల హీటరు మీద గాజు చేసే పని, ఇంటి కిటికీకి కూడా గాజు చేసేస్తుంది.

ఇల్లు కట్టబోతున్నవాళ్లు స్లాబు పోయకముందే మేస్త్రీకి, ప్లంబరుకు నాలుగు మాటలు చెప్పాలి. డాబా నుంచి ప్రతి బాత్‌రూమ్‌కీ, వంటగదికీ వేడినీళ్ల లైను విడిగా వేయమనండి. హీటరు ఇప్పుడు కొనకపోయినా పైపు కొసలకు మూతలు బిగించి వదిలేయొచ్చు. ఓవర్‌హెడ్ ట్యాంకుకు కింద కనీసం ఎనిమిది అడుగుల ఎత్తు దిమ్మె కట్టించండి, ఇప్పటి హీటర్లు ఎక్కువగా ఆ ఎత్తులోకి సరిపోతాయి. దానికి దక్షిణంగా రెండు మీటర్ల పొడుగు, రెండు మీటర్ల వెడల్పు చోటు ఖాళీగా, ఏ పిట్టగోడ నీడా పడకుండా ఉంచండి. ప్యానెళ్ల వైరింగుకు డాబా నుంచి మీటరు బోర్డు దాకా ఒక ఖాళీ పైపు గోడలోనే వేయించండి. మిగిలిన డాబా అంతటికీ టైల్స్ వేస్తామంటే తెల్లవి వేయమనండి, ఎర్రవి వద్దు.